కడుపులో పిన్నులు ఊడాయనే అనుకున్నాను

చందానగర్ మార్కెట్లో నా జాకెట్లు కుట్టే మహబూబ్ భాయ్ ఆ రోజు జాకెట్టును తిరగేసి, పక్క కుట్లు వేలితో తడిమి చూసి, మళ్ళీ నా ముందు బల్ల మీద పెట్టేశాడు.

"ఇగ విప్పనీకి కుట్టు లేదమ్మా. నాలుగు కుట్లేసిన, నాలుగూ విప్పేసిన. కొత్తవి కుట్టిచ్చుకోండ్రి" అన్నాడు.

ఆయన మాటలో ఎగతాళి లేదు. అందుకే నాకు ఇంకా మండింది. ఆపరేషను తర్వాత నేను చిక్కినప్పుడు ఆ జాకెట్లన్నీ కుట్టింది ఆయనే. లోపల బట్ట వదిలి నాలుగు వరసలు కుట్లు వేస్తుంటే, అంత అక్కర్లేదు భాయ్, ఇక నేను లావయ్యేది లేదు అని గొప్పలు పోయింది నేను. ఆ నాలుగు వరసలూ నాలుగైదేళ్ళలో ఒకటొకటిగా విప్పించుకున్నాను. ప్రతిసారీ ఉతికితే బట్ట కుంచించుకుపోయిందనే చెప్పాను. అది తొంభై ఎనిమిది ఎండాకాలం. ఇంటికొచ్చి, రెండేళ్ళ కిందట మంచం కిందికి తోసేసిన వేయింగ్ మిషన్ బయటికి లాగి ఎక్కాను. నూట నాలుగు.

ఆపరేషను సంగతి చెప్పాలి. పెళ్ళినాటికే నేను బొద్దు. పాప పుట్టాక నూట పద్దెనిమిది కిలోలకు చేరాను. షుగర్ వచ్చింది, మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య, అక్కడొక సర్జన్ లావు తగ్గడానికి పొట్టను స్టేపుల్ చేస్తున్నాడని ఫోన్ చేశాడు. కాగితాలకు పిన్ను కొట్టినట్టే పొట్ట పైభాగంలో పిన్నులు కొట్టి చిన్న సంచీలా వేరు చేస్తారట. గుప్పెడు తింటే అది నిండిపోతుంది. హైదరాబాద్‌లో ఆ మాట విన్నవాళ్ళే అప్పట్లో తక్కువ. మా వారూ నేనూ, నాకు సాయంగా మా అత్తయ్యగారూ రైలెక్కాం. ఏడాదిన్నరలో డెబ్బై ఆరుకు దిగాను. షుగర్ మాత్రలు మానేశాను. ఆరు వారాలకు మళ్ళీ రమ్మన్నారు గానీ, ఈలోగా అన్నయ్యకు బదిలీ అయింది. బరువు చక్కగా దిగుతుంటే డాక్టరుతో పనేముందని మేమూ వెళ్ళలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఐదూ ఆరూ చొప్పున మళ్ళీ ఎక్కడం మొదలైంది. లావుగా ఉన్నవాళ్ళను చూస్తే జనానికి సలహాలు పుట్టుకొస్తాయి. ఆపరేషను చేయించుకుని కూడా లావైనవాళ్ళను చూస్తే సలహాలతో పాటు తీర్పులు కూడా వస్తాయి. మాదాపూర్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఒకావిడ తేనె నీళ్ళు తాగమంది. ఒకాయన పొద్దున్నే నడవమన్నాడు. చుట్టూ రాళ్ళు పేల్చి కంప్యూటర్ కంపెనీలు కడుతున్న ఆ దుమ్ములో ఎక్కడ నడవమంటాడో ఆయనే చెప్పాలి. మూసాపేటలో మా పిన్నిగారైతే నన్ను చూసిన ప్రతిసారీ, అంత దూరం పోయి కోయించుకున్నది ఇందుకేనా అనేది. ఏం జవాబు చెప్పను? నాకే తెలియని సంగతి ఆవిడకు ఎలా చెప్పను?

మరీ విసుగు పుట్టించేదేమిటంటే, నేను నిజంగానే అన్నం తినలేకపోయేదాన్ని. మూడో ముద్ద గొంతు దిగాక ఛాతీ మధ్యలో అడ్డం పడేది. నోట్లో నీళ్ళూరి, లేచి పరుగెత్తి వాంతి చేసుకునేదాన్ని. చపాతీ అసలు పడదు. అత్తయ్యగారు ఇంటికొచ్చిన వాళ్ళందరితో "పిచ్చుక తిన్నట్టు తింటుందండి, ఏం పాపమో ఒంట్లో నీరు చేరిపోతోంది" అని బాధపడేవారు. ఏమీ తినని మనిషి ఎలా లావవుతుందని నేనూ దేవుణ్ణి నిలదీసేదాన్ని.

జాకెట్టు గొడవ అయిన వారానికి రక్తపరీక్ష చేయించుకుంటే షుగర్ తిరిగొచ్చింది. మా వీధి చివరి ఫిజీషియన్ మాత్రలు రాసిచ్చి, ఆపరేషను చేయించుకున్నారుగా మేడమ్, ఇంకెందుకు పెరుగుతున్నారని నన్నే అడిగాడు. కొండాపూర్‌లో మరో డాక్టరు మాత్రం, స్టేపుల్స్ విడిపోయి ఉంటాయి, రివిజన్ సర్జరీ కావాల్సి రావచ్చు అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. విడిపోయాయి! తప్పు నాది కాదు, పిన్నులది. ఆఫీసులో చెప్పాను, పిన్నిగారికి చెప్పాను, అడగనివాళ్ళకు కూడా ఆపి చెప్పాను. సెలవుకు అర్జీ సిద్ధం చేసుకున్నాను. మా వారు మాత్రం ఒప్పుకోలేదు. రెండోసారి కోయడం మొదటిసారి కంటే ప్రమాదమని ఆయన ఎక్కడో విన్నారు. పాప ఏడో తరగతి, నీకేమైనా అయితే దాని గతేమిటని నిలదీశారు. మళ్ళీ కోయించుకోవాలా, వద్దా? ఆ ఒక్క ప్రశ్న మీద మా ఇంట్లో నెలరోజులు మాటల్లేవు. చివరికి ముందు నిజంగా విడిపోయాయో లేదో తేల్చుకుందామని, పెద్దవయసు సర్జన్ ఒకాయన ఉన్నారంటే వెళ్ళాం. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు.

ఆయన బేరియం పరీక్ష రాశారు. సున్నం కలిపినట్టున్న తెల్లటి నీళ్ళు తాగించి, అవి కడుపులోకి దిగుతుంటే ఎక్స్‌రేలు తీస్తారు. ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి చూసి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"స్టేపుల్ లైన్ ఇంటాక్ట్ ఉందమ్మా. పౌచ్ సైజు కూడా మంచిగనే ఉన్నది. ఏం ఊడలే."

నాకు ఏడుపొచ్చింది. కడుపు బాగానే ఉందని చెబితే ఏడ్చినదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. డాక్టరు పొద్దున లేచింది మొదలు ఏం తింటానో చెప్పమన్నారు. నేను నోరు విప్పేలోగా అత్తయ్యగారు అందుకున్నారు. ఏమీ తినదు బాబూ అంటూనే వరసగా చెప్పారు. పొద్దున నెయ్యీ బెల్లం వేసిన రాగి జావ. పదింటికి మీగడ పాలు. మధ్యాహ్నం క్యారేజీలో మెత్తగా పిసికిన పెరుగన్నం రెండు చెంచాలు, అది పడకపోతే ఆకలికి ఉంటుందని సేమ్యా పాయసం. సాయంత్రం సపోటా జ్యూసు. రాత్రి నెయ్యి వేసి మెదిపిన పప్పు, పడుకోబోయే ముందు బాదం పాలు. ఆవిడ గొంతులో గర్వమే ఉంది. ఆరేళ్ళుగా ఒక్కపూట తప్పలేదన్నారు.

డాక్టరు కలం కింద పెట్టి, గిట్ల మెత్తగ పెట్టుమని ఎవరు చెప్పిండ్రమ్మా అని అడిగారు. అత్తయ్యగారు చేతిసంచీలోంచి బొంబాయి డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చారు. నలిగిపోకుండా దానికి లామినేషన్ చేయించారు. వంటింట్లో క్యాలెండరు పక్కనే దానికొక మేకు. సాఫ్ట్ డైట్ అన్న మాట కింద ఎర్రగీత. ఆవిడకు ఇంగ్లీషు రాదు కాబట్టి, మెత్తని తిండి పెట్టాలి అని పక్కన తెలుగులో రాసిచ్చింది మా వారు. దాని కిందే ఆరు వారాలకు రివ్యూ అని ఉంది. ఆ వాక్యాన్ని ఆయన తెలుగు చేయలేదు.

డాక్టరు రెండుసార్లు చదివారు. "ఇది ఆరు వారాలకమ్మా. ఆరేండ్లకు కాదు" అన్నారు.

తర్వాత మెల్లగా విడమరిచి చెప్పారు. గట్టి తిండైతే ఆ చిన్న సంచీలో నిలబడి ఆకలి తీరుస్తుంది. జావా పాయసమూ నిలవకుండా జారిపోతాయి. ఎంత తాగినా నిండదు, ఎంత తీపైనా అడ్డం పడదు. అన్నం ఎందుకు పడదంటే, నమలకుండా మింగి, మధ్యమధ్యలో నీళ్ళు తాగుతున్నందుకు. మరి రివిజన్ సంగతేమిటని అడిగాను. "మళ్ల కోస్తె మళ్ల గదే పాయసం పోతది లోపలికి. నేనైతే కొయ్య" అన్నారు.

తిరుగుదారిలో ఆటోలో నేనొక మాట అన్నాను. "నన్నింత చేసింది మీ చేతి వంటేనండి అత్తయ్యగారూ" అన్నాను. ఇంటికొచ్చాక ఆ కాగితం మళ్ళీ మేకు మీదికి ఎక్కలేదు. ఆవిడ నాలుగు రోజులు వంటింట్లోకి రాలేదు. మా వారు చేసిన వంకాయ కూర తింటూ అందరం తలలు వంచుకుని కూర్చున్నాం.

నిజానికి నేనన్నది సగమే. ఆఫీసు దగ్గరి బేకరీలో వారానికి నాలుగు రోజులు ఫాలూదా తాగేదాన్ని. పెద్ద గ్లాసు. తాగాక రెండు ఐస్‌క్రీములు. గొంతులో అడ్డం పడలేదు కాబట్టి అది తిండి కిందికి రాదనే నమ్మకం ఎలాగో కుదిరిపోయింది. డాక్టరుకు చెప్పలేదు. మా వారికి తెలియదు. తప్పంతా పాపం అత్తయ్యగారి నెత్తిన వేసి, నేను ఒడ్డున కూర్చున్నాను. ఐదో రోజు భరించలేక ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి ఫాలూదా సంగతి చెప్పేశాను.

"నాకు తెలుసమ్మాయ్. నీ బ్యాగులో క్యారేజీ పెట్టేది నేనేగా. బేకరీ చెంచాలూ చీటీలూ కనబడేవి" అన్నారావిడ. మరి ఒక్కసారైనా అడగలేదేమని నాకు కోపమొచ్చింది. "అన్నం పడని మనిషివి. అదొక్కటైనా హాయిగా తాగుతున్నావులే అనుకున్నా" అన్నారు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆవిడ లేచి వెళ్ళి, ఇక నుంచి ఏం వండాలో చెప్పమన్నారు.

ఆ తర్వాతది సాఫీగా సాగిందని చెబితే అబద్ధం. డాక్టరు చెప్పిన ప్రకారం ముందు గుడ్డో చేపో గుగ్గిళ్ళో, ఆ తర్వాతే అన్నం. చిటికెడంత ముక్కను పిండి అయ్యేదాకా నమలాలి. తిన్న అరగంట దాకా నీళ్ళు ముట్టకూడదు. మొదటి నెలలో పదిసార్లైనా వాంతి అయింది. గుడ్డు తినడానికి ముప్పావుగంట పట్టేది. ఆఫీసులో వాళ్ళంతా చేతులు కడుక్కుని వెళ్ళిపోయినా నేనొక్కదాన్నే దవడలు ఆడిస్తూ కూర్చునేదాన్ని. తొంభై ఏడు దగ్గర బరువు మూడు నెలలు ఆగిపోయింది. ఆ విసుగులో ఒకరోజు బేకరీకి వెళ్ళి, ఫాలూదా మొత్తం తాగి వచ్చాను. ఈసారి డాక్టరుకు చెప్పాను. "మంచిది, చెప్పినవ్ గదా. రేపటి సంది మళ్ల షురూ చెయ్యి" అన్నారు, అంతే.

ఏడాది దాటింది. ఇప్పుడు ఎనభై తొమ్మిది. డెబ్బై ఆరుకు మళ్ళీ దిగుతానన్న ఆశ లేదు, దిగాలని డాక్టరు కూడా అనడం లేదు. షుగర్ మాత్ర సగానికి తగ్గింది. ఆపరేషను మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పిన్నిగారు మాత్రం నేను చిక్కింది చూసి, ఏం జబ్బు చేసిందే అని అడిగింది. ఆవిడకు దణ్ణం పెట్టేశాను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. డాక్టరు ఇది తినండి, అది మానండి అన్నప్పుడు తల ఊపి లేచి రాకండి. ఎప్పటిదాకా అని అడగండి. అడిగేటప్పుడు మీ ఇంట్లో వండిపెట్టే మనిషిని పక్కనే కూర్చోబెట్టుకోండి. బొంబాయిలో డిశ్చార్జి రోజున డాక్టరు ఇంగ్లీషులో చెబుతారు, పెద్దావిడకేం అర్థమవుతుందిలే అని మేం అత్తయ్యగారిని గది బయట బెంచీ మీద ఉండమన్నాం. లోపల ఉండి ఉంటే ఆవిడ తప్పకుండా అడిగి ఉండేవారు.