గిద్దలూరు స్టూడియోలో పాత పెళ్లి ఫోటోలు

మా అక్క మొగుడు గిద్దలూరులో ఫోటో స్టూడియో నడుపుతాడు. శుక్రవారం ఫోన్ చేసి, "మరదలా, కంప్యూటరు నిండిపోయింది. కొత్త పెండ్లి ఫోటోలు ఎక్కిద్దామంటే చోటు లేదు. పాతవి కొట్టేస్తా" అన్నాడు. "నేను వచ్చేదాకా మౌస్ ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు బావా" అన్నాను. మరదలికి ఆమాత్రం నోరు ఉండొచ్చు. పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి కొని, శనివారం పొద్దున్నే గుంటూరులో రైలెక్కాను.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు చెబుతున్నా, జనరల్ టికెట్ వంద రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. వినుకొండ, కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్డు వరకు ఎండిన చేలే కనిపిస్తాయి. నేను కాసేపు కునుకు కూడా తీశాను. కంభం దాటాక మాత్రం నిద్రపోకండి. నల్లమల కొండలు రైలుకి బాగా దగ్గరికి వస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు నోట మాట రాదు. స్టేషన్ నుంచి బజారుకి షేర్ ఆటోకి ఇరవై తీసుకున్నారు.

స్టూడియోలో బావతో పాటు సువార్తమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. పక్క పల్లెలో మిరపకోతలకు వెళ్లే మనిషి. భర్త ఏసోబు పోయి ఏడాది అయింది, మర్నాడు ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. బ్యానర్ మీద వేయడానికి ఫోటో లేదు. ఫోటోలున్న ఫోను నీళ్లలో పడి పాడైపోయింది. "ఆధార్ కార్డులో ఉండాది గానీ తల్లీ, దాంట్లో దొంగోని మాదిరి ఉండాడు. అది పెట్టను" అంది. ఏసోబు చుట్టుపక్కల పెళ్లిళ్లకు వంట చేసేవాడు. ఆ పెళ్లిళ్లకు ఫోటోలు తీసింది మా బావే. ఉంటే ఈ కంప్యూటర్లోనే ఉండాలి.

తెరిచి చూద్దును కదా, ఫోల్డర్ల పేర్లు చూసి తల పట్టుకున్నాను. 'మామ కూతురి పెండ్లి', 'చిన్నాయనోళ్ల ఇల్లు', 'అత్త కొడుకు', మళ్లీ 'మామ కూతురి పెండ్లి కొత్తది'. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లనైనా వరస కలిపే పిలుస్తారు. బావ అవే వరసలు కంప్యూటర్‌కీ ఎక్కించాడు. "ఏ మామ బావా?" అంటే, "ఏందట్ల అడుగుతావు, అందరూ మామలే గదా" అన్నాడు. పైగా వంటకాడ తీసినవీ, గిన్నెలవీ వేస్టని, ముందు అవే కొట్టేద్దామనుకున్నాడట.

ఫోటోలన్నీ డిస్క్‌లోకి ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. ఈలోగా పక్క మెస్సులో భోజనం చేశాం, గోంగూర బాగుంది. సువార్తమ్మ ముద్ద ముట్టలేదు. ఏ ఫోల్డర్ ఎవరి పెళ్లిదో, దేంట్లో ఏసోబు వండాడో సువార్తమ్మ ఊరివాళ్లే చెప్పగలరని, ల్యాప్‌టాప్, డిస్క్ తీసుకుని ముగ్గురం ఆటో ఎక్కాం. ఆటో నడిపే దానియేలుదీ అదే ఊరు. "నా పెండ్లికి కూర వండింది ఏసోబు మామే అక్కా. ఉప్పు చూడమని నన్నే పిలిచినాడు, పెండ్లికొడుకునని గూడా చూళ్ళేదు" అన్నాడు. సువార్తమ్మ ఆ మాటకి నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది.

చర్చిలో పాటల సాహిత్యం చూపించడానికి ప్రొజెక్టర్ ఉంది. పాస్టరుగారు తాళం తీసి ఇచ్చారు. తెర మీద మొదటి పెళ్లి పడేసరికి నలుగురే ఉన్నారు, కాసేపటికి చర్చి నిండిపోయింది. "ఇది మా పాపది." "అదిగో, షామియానా ఎనకాల మామ!" ఒకదాంట్లో ఆయన వీపు, ఒకదాంట్లో బియ్యం కడిగే చెయ్యి, ఒకదాంట్లో ఆవిరి వెనక సగం మొహం. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయన పొయ్యి వైపు చూస్తున్నాడు. ఇన్ని ఇళ్ల సంతోషాల వెనక ఒకే మనిషి నిలబడి ఉన్నాడు.

దానియేలు పెళ్లి వచ్చింది. పెద్ద డేగిసా ముందు గరిటె పట్టుకుని ఏసోబు నేరుగా మా వైపు చూసి పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతున్నాడు. సువార్తమ్మ తెర దగ్గరికి వెళ్లింది. తన నీడ ఆయన మీద పడుతోందని పక్కకి జరిగింది.

"పనికాడ ఇట్ల నవ్వేటోడా?" అంది. "ఇంటికొచ్చేసరికి పొగకి కండ్లు ఎర్రగా అయ్యి, పడుకుండేటోడు. నేను ఎప్పుడూ చూళ్ళేదు."

మా బావ స్టూడియోలో చనిపోయినవాళ్లందరికీ చేసేదే అడిగాడు. "అత్తా, మొహం వరకు కత్తిరించి కోటు, టై తగిలిస్తా. బాగుంటాది."

"కోటొద్దు నాయనా. గరిటె తీయమాక."

ఆదివారం బ్యానర్ మీద గరిటెతోనే నవ్వాడు. కొండలు చూస్తే నోట మాట రాదని పైన రాశాను గానీ, ఈ ప్రయాణంలో నన్ను నిజంగా కదలకుండా నిలబెట్టేసింది ఆ తెరే. బావ కంప్యూటర్ ఇప్పుడు ఖాళీ అయింది, ఇంకో డిస్క్ కూడా కొని ఫోటోలన్నీ రెండిట్లోనూ దాచాం, ఒకటి చర్చి బీరువాలో పెట్టాం. మీరూ చోటు కోసం ఫోటోలు తీసేయాలనుకుంటే ముందు రెండు చోట్ల దాచుకోండి, దాచినవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. తీసేసేటప్పుడు మాత్రం మధ్యలో ఉన్నవాళ్లను కాదు, వెనక ఎవరున్నారో చూడండి.