పెద్దకోడలి పచ్చ లైటు

ఆ వీడియో ఎడిటింగ్ స్టూడియోలో కంప్యూటర్ ఒకటే, కోడళ్ళు ఇద్దరు. పొద్దున పెద్దకోడలు, మధ్యాహ్నం నుంచి చిన్నకోడలు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ కత్తులే నయం, వాటికి నోరుండదు.

కంప్యూటర్ పక్కన అరచేతిలో పట్టే చిన్న కీప్యాడ్. వరసగా మీటలు, మూలన గుండ్రటి బటన్. ఆ బటన్ నొక్కితే మోడ్ మారి, మీటలు చేసే పనులూ మారిపోతాయి. పచ్చ లైటు వెలిగితే పెద్దకోడలి మోడ్, ఎర్ర లైటు వెలిగితే చిన్నకోడలిది. పచ్చలో చివరి మీట పనిని సేవ్ చేస్తుంది. ఎర్రలో అదే మీట తెరిచి ఉన్న ఫోల్డర్‌ను ఆనవాలు లేకుండా తుడిచేస్తుంది. కస్టమర్లు తీసుకెళ్ళిపోయిన వీడియోలు చెరిపి డిస్కు ఖాళీ చేయడం చిన్నకోడలి పని మరి. నిజంగా చెరపాలా అని కంప్యూటర్ అడిగితే, అవునని కూడా ఆ మీటే చెప్పేస్తుంది.

కీప్యాడ్ కొన్న రోజే చిన్నది, "ఇద్దరం ఒకే మోడ్ పెట్టుకుందాం అక్కా, గొడవుండదు," అంది.

"నాది నాదే, నీది నీదే. నా పచ్చలో వేలు పెట్టకు."

అంతే, యుద్ధం మొదలు. లేచేవాళ్ళే మోడ్ మార్చి లేవాలని పెద్దది, కూర్చునేవాళ్ళే మార్చుకోవాలని చిన్నది. ఒక్కరూ మెట్టు దిగలేదు. పొద్దున్నే ఎదురయ్యే ఎర్ర లైటును చూస్తే పెద్దకోడలికి ఒళ్ళు మండేది. అందులో తోడికోడలి వెక్కిరింపే కనిపించేది. చివరికి లైటు మీద నల్ల టేపు అంటించింది. ఎలాగూ ఎర్రలోనే వదిలి చస్తుందిగా, రాగానే బటన్ ఒకసారి నొక్కితే పచ్చ వచ్చినట్టే. ఇక చూడ్డం దేనికి?

ఒక మధ్యాహ్నం చిన్నది ఆ టేపు గీకబోయింది.

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!"

ఆ అరుపుకి కౌంటర్ దగ్గరి కస్టమర్లు బెదిరి వెళ్ళిపోయారు. మామగారికి ఓపిక నశించింది. "ఇక ఏ పని చెడినా, చెడగొట్టినవాళ్ళు ఆ కుర్చీ దిగాల్సిందే," అని తేల్చేశాడు. స్టూడియో తెరిచిన నాటి నుంచి ఆ కుర్చీ పెద్దకోడలిది. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లేదీ అందులో కూర్చున్నంతసేపే.

మర్నాడు వచ్చి, అలవాటుగా బటన్ ఒకసారి నొక్కింది. సగం పూర్తయిన పెళ్ళి వీడియో ఫోల్డర్ తెరిచింది. పని మొదలుపెట్టే ముందు ఓసారి సేవ్ చేసుకోవడం ఆవిడ పద్ధతి. చివరి మీట నొక్కింది. పెళ్ళి మొత్తం మాయమైపోయింది. కెమెరా కార్డు అప్పటికే చెరిగి ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయింది.

"ఇదే! మోడ్ ఇదే మార్చింది!" అంటూ, గోల విని వచ్చిన తోడికోడలి మీదికి వెళ్ళింది.

"నేను ముట్టుకుంటే ఒట్టు. చెయ్యి విరగ్గొడతానన్నావుగా, నిన్న కీప్యాడ్ వైరు పీకేసి మౌసుతోనే చేసుకున్నా. వెళ్ళేటప్పుడు మళ్ళీ పెట్టేశా."

వైరు పీకి పెడితే కీప్యాడ్ మొదటి మోడ్‌కే వస్తుంది. మొదటిది పచ్చ. పెద్దదాన్నంటూ పట్టుబట్టి ముందు పెట్టించుకున్నది ఆవిడే. ఆ పొద్దున అది పచ్చగానే ఉంది. ఆవిడే నొక్కి ఎర్ర చేసింది.

మామగారు టేపు పీకి ఆ ఎర్ర లైటు చూశాడు. "లే అమ్మా," అన్నాడు.

చిన్నకోడలు కూర్చుని కుర్చీ ఎత్తు సరిచేసుకుంది. పెద్దకోడలు కౌంటర్ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పచ్చ తీసేస్తున్నా మావయ్యగారూ," అంది చిన్నది తలెత్తకుండానే. "ఇక ఒకే మోడ్ చాలు."