మూడు వారాల ముక్కు

నాకు నోటి దురుసు. ఆ మాట మా అత్త నా పెళ్లయిన నెలకే చెప్పింది, నేనూ కాదనలేదు. పార్వతీపురం నుంచి ఈ కొండల మీది ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా వచ్చి తొమ్మిదేళ్లు. డాక్టర్లు మారారు గానీ నా నోరు మారలేదు. అలాంటి నేనే చేసిన పొరపాటొకటుంది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

పెదబయలు వైపు నుంచి ఒకామె మొగుడితో వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఎండాకాలంలో తెల్లారగట్ల ఇప్పపువ్వు ఏరడానికి పోతే, అదే చెట్టు కింద ఎలుగుబంటి ఉంది. అదీ పువ్వు కోసమే వచ్చింది. ఆమె చెంప చీల్చి, ముక్కు సగం ఊడబెరికింది. చెంపకు అప్పుడే కుట్లు వేశారు, మానింది. ముక్కు ఎక్కణ్నుంచి తెస్తారు? ఆరు నెలలు ఇంచుమించు ఇల్లు కదల్లేదట. నీళ్లకు కూడా అందరూ వచ్చి వెళ్లాకే పోయేదట.

"పెద్దోళ్లు తల తిప్పుకుంటారు, పిల్లలు పారిపోతారు" అని తనే చెప్పింది.

పట్నం నుంచి ప్రతి గురువారం వచ్చే సర్జన్ గారు ఆమె నుదుటి చర్మాన్ని పట్టీలా లేపి, మెలితిప్పి కిందికి దించి, ముక్కుగా మలిచారు. ఆ పట్టీ మొదలు కనుబొమల దగ్గర అంటుకునే ఉండాలి. దాంట్లోంచే కొత్త ముక్కుకు రక్తం అందుతుంది. ముక్కు అక్కడ నిలదొక్కుకున్నాకే పట్టీ కోస్తారు. నారు నాటినట్టే, వేరు పట్టకముందు కదిపితే చచ్చిపోతుంది.

"మూడు వారాలు" అని నేనే చెప్పాను, వేళ్లు చూపించి మరీ. ఆమె బుద్ధిగా తలూపింది. మొగుడూ ఊపాడు.

ఆపరేషనయిన మూడో శనివారం పొద్దున్న డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీ. పరుగో పరుగు. గేటు బయట ఇద్దరూ జీపెక్కబోతున్నారు.

"ఓలమ్మ! ఎక్కడికే?" అని అరిచాను.

"ఇంటికి. మూడు వారాలు అయిపోనాయి గదమ్మా" అంది.

"మరి ఈ పట్టీ?"

"ఇంటికాడ మా అయ్య కోసేత్తాడు. మంచి కత్తుంది."

ముందు మొగుణ్ని దులిపేశాను. పదహారు రోజులు మూడు వారాలెలా అయ్యాయి, లెక్క రాదా అని. అతను కోపం తెచ్చుకోలేదు. ఓపిగ్గా వేళ్లు మడిచాడు. "ఆపరేషనయిన మర్నాటి సంత ఒకటి. పై శుక్రవారం సంత రెండు. నిన్నటిది మూడు. నువ్వే గదా సెప్పినావు."

నాకు వారమంటే ఏడు రోజులు. వాళ్లకు వారమంటే సంత. తొమ్మిదేళ్లుగా ఎంతమందికి "వారం ఆగి రా" అని చెప్పానో, వాళ్లలో ఎంతమంది మర్నాడే వచ్చి నా చేత తిట్లు తిన్నారో! ఎందుకొచ్చారని ఒక్కరినైనా అడిగితే గదా.

"తప్పు నాది" అన్నాను. అలవాటు లేని మాట. "గురువారం దాకా ఉండండి. ఇప్పుడు కోస్తే ముక్కు దక్కదు."

ఆమె మూట దించి లోపలికి నడిచింది.

ఆ ఐదు రోజులూ నా డ్యూటీ కాకపోయినా వచ్చి ముక్కు మీద వేలు పెట్టి చూశాను. నొక్కితే తెల్లబడి, వదిలితే ఎర్రబడేది, అంటే రక్తం అందుతోందన్నమాట. అబ్బ, అది చూస్తే ప్రాణం ఎంత హాయిగా ఉండేదో!

గురువారం పట్టీ కోశారు. కట్టు విప్పిన రోజు అద్దం ఇస్తే ఆమె తీసుకోలేదు, నా చేతికే తోసింది.

"ముందు నువ్వు సూడు. తిడతావు గానీ, నువ్వు అబద్ధమాడవు."

చూశాను. ఒక పక్క లావుగా ఉంది. నుదుటి మీద నిలువునా మచ్చ. అందంగా ఉందని చెప్పడానికి నా నోరు ఎంత దురద పెట్టిందో ఆ దేవుడికే తెలుసు.

"ముక్కేనే" అన్నాను. "కాస్త వంకర."

ఆమె మెల్లగా తడుముకుంది, ఆ పక్కా ఈ పక్కా.

"వంకరైతే ఏటి? నాదే గదా" అని అద్దం లాక్కుంది.