బావ థెరపీ

డిబేట్‌లో ఓడిపోతే ఎవరైనా ఇంటికొచ్చి కాఫీ తాగి పడుకుంటారు. నేను ఓడిపోయి ఏం తెచ్చుకున్నానో వినండి! నవ్వాలంటే నవ్వుకోండి, కానీ మా నాయన ముందర మాత్రం నవ్వొద్దు.

అప్పుడు నాకు విరుదునగర్‌లో ఒక కాలేజీలో ఉద్యోగం. సైకాలజీ లెక్చరర్‌ని, అదీ టెంపరరీ. రోజూ కోవిల్‌పట్టి నుంచి బస్సులో పోయి రావడమే. ఆ ఏడు డిపార్ట్‌మెంట్‌లో డిబేట్ పెట్టినారు. వంద ఏండ్ల కింద ఆ వియన్నా డాక్టరు చెప్పిన మాటలు, అదే, కలలూ, లోపలి మనసూ, నోరు జారడాలూ, ఇవన్నీ ఈ కాలానికి పనికొస్తాయా రావా అని. పనికొస్తాయని మా సీనియర్ స్టెల్లా మిస్. రావని నేను. పోస్టు పర్మనెంట్ చేసే పెద్దాయన ముందు వరుసలో కూర్చుంటాడని తెలిసింది. ఇంకేం! ఆ డాక్టరుకు మళ్ళీ ఒకసారి పాడె కట్టి తీరాల్సిందే అనుకున్నాను.

నా పట్టుదల మీకు తెలీదు. అరుప్పుకోట్టైలో మా మేనత్త కొడుకు సుందరం బావ ఉన్నాడు, పవర్‌లూమ్ నడుపుతాడు. నేను పుట్టినప్పుడే "ఇది సుందరానికే" అన్నారంట. నన్నడగకుండా ఎట్లంటారు? ఆ ఒక్క కోపంతో మూడేండ్లుగా వద్దంటే వద్దని కూర్చున్నాను. బావ మంచోడే. అడిగితే "నీ ఇష్టం విజీ" అంటాడు. అదింకా మంట!

సరే, డిబేట్ రోజు వొచ్చింది. కాలేజీకి పోయి బ్యాగు తెరిస్తే తెర మీద వేసి చూపించాల్సిన ఓహెచ్‌పి షీట్లు లేవు! ముందు వారం అరుప్పుకోట్టైలో మేనత్త ఇంటికి పోయినప్పుడు అక్కడ కూర్చోని రాసి, అక్కడే మరిచిపోయినాను. ఎస్‌టీడీ బూత్‌కి పరుగెత్తి ఫోన్ చేస్తే బావ ఎత్తినాడు.

"కంగారు పడొద్దు. బండిలో తెస్తాను" అన్నాడు.

షీట్లు వొచ్చే లోపల నా వంతు వొచ్చేసింది. పోనీలే, షీట్లు లేకుండానే చీల్చి చెండాడతానని లేచినాను. బాగానే పోతా ఉంది. "ఇప్పుడు ప్రయోగాలు కావాలి, రుజువులు కావాలి. ఆయన నలుగురు రోగుల్ని చూసి లోకమంతటికీ సూత్రం రాసినాడు. నోరు జారితే దాని వెనకాల కోరిక ఉందంటాడు. అదేం లేదు, నాలుక అలసిపోతే జారుతుంది, అంతే" అన్నాను. చప్పట్లు! ముందు వరుస పెద్దాయన కూడా తల ఊపినాడు.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. చెమటలు కారుతా, చేతిలో షీట్ల కవరుతో బావ.

నేను ఆగలేదు. గొంతు పెంచి, ఇంగ్లీషులో, బల్ల గుద్ది మరీ అన్నాను: "ఈ కాలం మనిషికి కావాల్సింది ఆ పాత పురాణం కాదు. బావ థెరపీ!"

బిహేవియర్ థెరపీ అనాలి. బావ థెరపీ అన్నాను.

ఆ అరవ ఊర్లో తెలుగిండ్ల పిల్లలు ఎందరున్నారో నాకు అప్పుడే తెలిసింది. గొల్లుమన్నారు! పెద్దాయన అరవంలో "బావ అంటే ఏంటమ్మా?" అనడిగినాడు. మూడో వరుసలోంచి ఒక పిల్ల లేచి, బుద్ధిగా, "అత్తాన్, సార్!" అనింది. ఇక అరవం పిల్లలూ గొల్లుమన్నారు.

"సారీ, బావ్... బిహేవియర్" అన్నాను. మళ్ళీ!

అయినా వదిలితేనా? "చూసినారా, ఇదే నేను చెప్పేది! రెండు మాటలూ ఒకే మాదిరి వినపడతాయి, నాలుక తడబడింది. అంతకు మించి ఏం లేదు" అని గట్టిగా నిలబడినాను.

స్టెల్లా మిస్ మెల్లగా లేచి అరవంలో అందుకుంది. "ఒప్పుకుంటాను విజయా. కానీ నిన్న స్టాఫ్ రూమ్‌లో ఇదే స్పీచ్ పొద్దస్తమానం చదివినావే, ఒక్కసారి కూడా జారలేదే? సరే, షీట్లు యాడ మరిచిపోయినావు?"

"...మా బావ ఇంట్లో."

ఇంకేం చెప్పేది! నవ్వులు ఆగినాక ఆమె అనింది: "ఆ డాక్టరు ఆడవాళ్ళ గురించి రాసింది నేనూ నమ్మను. కలలకు ఆయన చెప్పిన అర్థాలూ నమ్మను. కానీ మన మనసులో మనకే తెలీకుండా పని జరుగుతా ఉంటుందని ఆయన పట్టుకున్నాడే, దాన్ని ఈనాటి ప్రయోగాలు కూడా కొట్టేయలేదు."

"ఒక్క మనిషి నోరు జారితే సిద్ధాంతం నిజమైపోదు మిస్!" అన్నాను. నిజమే కదా? కానీ ఎవరు వింటారు! ఓటింగ్ పెడితే హాలంతా ఆమెకే చెయ్యెత్తినారు. వెనకాల నిలబడుకోని బావ కూడా!

బయటికొచ్చి పట్టుకున్నాను. "నువ్వెందుకు చెయ్యెత్తినావు?"

"ఆమె చెప్పింది అర్థమయింది. నువ్వు చెప్పిందంతా ఇంగ్లీషు" అన్నాడు. బండి స్టార్ట్ చేస్తా, "ఆదివారం అమ్మ మీ ఇంటికొస్తుంది. సాత్తూరులో నాకు ఎవరో పిల్లని చూసినారంట, మీ నాయనకు చెప్పాలంట" అన్నాడు.

"చాలా సంతోషం" అన్నాను. పండ్లు కొరుకుతా అన్నానని తర్వాత గుర్తొచ్చింది.

బస్సెక్కినాను. ఆ బస్సు సాత్తూరు మీదుగానే పోవాలి, ఏం చేస్తాం! సాత్తూరు బస్‌స్టాండ్‌లో జడేసుకున్న ప్రతి పిల్లనీ కోపంగా చూసినాను. దోసకాయలమ్మే పిల్ల కిటికీ దగ్గరికొస్తే, "నీకు పెండ్లి కుదిరిందా?" అనడిగేసినాను! పాపం, బెదిరిపోయి పక్క కిటికీకి పోయింది.

కోవిల్‌పట్టి చేరే లోపల తీర్మానం చేసుకున్నాను. పట్టుదలంటే పట్టుదలే, ఏ పక్కకైతే ఏమి?

ఆదివారం అత్తా బావా వొచ్చినారు. అత్త చీర కొంగులోంచి ఫోటో తీయబోతా ఉంది. నేను అడ్డం పోయి నిలబడినాను. "అత్తా, ఆ ఫోటో లోపల పెట్టు. బావని నేను చేసుకుంటాను. ఎవరో అన్నారని కాదు, నేనే అంటున్నాను!"

అత్త నోరు తెరిచింది. బావ గోడ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. "నీ ఇష్టం విజీ" అన్నాడు. ఈసారి మంట రాలేదు.

మా నాయన మాత్రం కండ్లద్దాలు తీసి నన్ను కిందికీ మీదికీ చూసినాడు.

"పాపా, ఇష్టమే గదా? మరి ఇన్నేండ్లు వద్దని ఎందుకన్నావు?"

స్టాఫ్ రూమ్‌లో అయితే గంట చెప్పుండేదాన్ని. నాయన ముందర మాత్రం, "తెలీదు నాయనా" అన్నాను.

ఆయన కండ్లద్దాలు మళ్ళీ పెట్టుకోని, నిజంగా దిగులుపడి అడిగినాడు:

"మరి ఆ కాలేజీలో పిల్లలకు నువ్వు ఏం చెప్తా ఉండావమ్మా?"