సగం హంస, సగం నెమలి

ఉద్యోగంలో నా ఆఖరి ఏడాది, శ్రావణానికి మూడు వారాల ముందు, ధర్మవరంలో ఒక మగ్గాన్ని పరీక్షించి ఫీల్డ్ రిపోర్టు ఇమ్మని నన్ను పంపారు. హిందూపురంలో పట్టుమగ్గాలకు ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరును. పల్లూలో ఏ వరసకు ఏ పోగులు లేవాలో ఆ పెట్టె చెబుతుంది. పూర్వం ఆ పని చిల్లులు కొట్టిన అట్టలు చేసేవి. పెట్టెలో డిజైను ఫైలును డిస్కు మీద రాసే ప్రోగ్రాం నాది. అప్పటికే మోకాళ్లు అరిగాయి, ఆ పనంటే విసుగు పుట్టింది, రిటైర్మెంటుకు రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

నేసేది ఓబులేసు. పోగులు అతికేది అతని భార్య లక్ష్మీదేవి. మగ్గమూ పట్టూ షావుకారువి. పెళ్లిచీర పల్లూలో నెమళ్లు వద్దు, హంసలు కావాలని షావుకారు కొత్త డిజైను పంపాడు. ఓబులేసు దాన్ని పెట్టెలోకి ఎక్కించి సేవ్ నొక్కాడు. అప్పుడే కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక పెట్టె ఏమీ ఎరగనట్టు లేచింది.

ఆ రకం పల్లూ బోర్లా నేస్తారు, ముఖం కిందికి ఉంటుంది. చీర కోసి తిప్పి చూస్తే ప్రతి బొమ్మా కింద సగం హంస, పైన సగం నెమలి. నేతగాడి తప్పని తేలితే మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తానని షావుకారు చెప్పేశాడు. తేల్చవలసింది నా రిపోర్టు.

"నా చేతికి హంసా తెలుసు, నెమలీ తెలుసు సార్," అన్నాడు ఓబులేసు. "రెండూ కలిపి నేసేంత పిచ్చి నాకు యాడిది?"

మెమొరీలో ఆపకుండా నేరుగా డిస్కుకు రాయడాన్ని డైరెక్ట్ రైట్ అంటారు. దానికి అటామిక్ అనే షరతు కలిపితే, రాస్తే మొత్తం రాయాలి, లేదంటే పాతది చెక్కుచెదరకుండా ఉండాలి. అయితే అలా ఒక్క దెబ్బకు ఎంత రాయవచ్చో ఒక్కో డిస్కుకు ఒక్కో హద్దు. మా డిజైను పదహారు కిలోబైట్లు. పెట్టెలో డిస్కుగా మొదట్లో వాడిన మెమొరీ కార్డులు అంతా ఒకేసారి రాసేవి. తర్వాత కంపెనీ చవక కార్డులకు మారింది, వాటి హద్దు నాలుగే. హద్దు దాటితే ఆపరేటింగ్ సిస్టమ్ కుదరదని తిప్పి పంపుతుంది.

లాప్‌టాప్ తగిలించి చూశాను. ఇక్కడా ఆపరేటింగ్ సిస్టమ్ కుదరదనే చెప్పింది. కానీ ఎప్పుడో ఒక డెమో మధ్యలో ఆగిపోకూడదని నేను రెండు లైన్లు రాసి పెట్టాను: అటామిక్‌గా కుదరకపోతే మామూలుగా రాసెయ్యమని. అలాగే రాసింది, నాలుగు ముక్కలుగా. రెండు ముక్కలు పడ్డాక కరెంటు పోయింది. ఆ లైన్లు తెర మీద చూసి నాకు సిగ్గేసింది.

మేనేజరుకు ఫోన్ చేశాను. కరెంటు నిలకడగా లేనప్పుడు సేవ్ చేయకూడదని మాన్యువల్‌లో ఉంది కదా, 'ఆపరేటర్ లోపం' గడిలో టిక్కు పెట్టి వచ్చేయండి, రిటైరయ్యే ముందు మీకెందుకీ తలనొప్పి అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగానే వినిపించింది.

లక్ష్మీదేవి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మా మామ కాలంలో అట్టలుండె సార్. కొత్త అట్టలన్నీ కుట్టి, వరస సరిచూసినాంకనే పాతవి దించుతాండ్రి. సగం కుట్టినవి మగ్గానికి ఎక్కిస్తారా ఎవురన్నా?"

నేను ముప్పై ఏళ్లు చేసిన పనిని ఆమె రెండు మాటల్లో చెప్పింది. అయినా తప్పు నాదని అక్కడ ఒప్పుకోలేకపోయాను. రిపోర్టు వస్తే తెలుస్తుందన్నాను. ఓబులేసు తల ఊపాడు. ఆఫీసు మనుషుల నోట అలాంటి మాటలు అతను చాలానే విని ఉంటాడు.

సాయంత్రం రైలెక్కాను. నా ఇల్లు పెనుకొండలో. అక్కడ దిగితే మర్నాడు ఆ గడిలో టిక్కు పెట్టేస్తానని నా మీద నాకు అనుమానం. దిగలేదు. నేరుగా హిందూపురం ఆఫీసుకు వెళ్లి 'సాఫ్ట్‌వేర్ లోపం' అని రాసి, కింద నా పేరు పెట్టాను.

ప్రోగ్రామూ మార్చాను. పెట్టె లేవగానే డిస్కు హద్దు అడిగి తెలుసుకుంటుంది. హద్దు చాలకపోతే డిజైనును వేరే ఫైలుగా పూర్తిగా రాసి, డిస్కుకు చేరిందని రూఢి చేసుకున్నాకే పాతదాని పేరు దీనికి పెడుతుంది. అదీ కుదరకపోతే ఆగిపోయి, ఆగానని తెర మీద చెబుతుంది. కొత్తగా నేను కనిపెట్టిందేమీ లేదు. అట్టలు కుట్టేవాళ్ల పద్ధతే.

రిపోర్టు మేనేజరు బల్ల దాటి షావుకారుకు చేరేసరికి శ్రావణం వచ్చేసింది. పెళ్లిళ్ల గిరాకీకి షావుకారు ఆగలేదు, మగ్గం అప్పటికే బత్తలపల్లిలో ఇంకో ఇంటికి పోయింది. ఓబులేసు మీద తప్పు లేదని షావుకారు ఒప్పుకున్నాడట. మగ్గం మాత్రం తిరిగి రాలేదు.

కుదరదని చెప్పే సిస్టమ్‌తో చిక్కు లేదు. ఆ మాటను మింగేసి, పని జరిగిపోయినట్టు చూపించే ప్రోగ్రాంతోనే చిక్కు. నేను ఆ రెండు లైన్లు రాయకపోయి ఉంటే ఆ రోజు పెట్టె మొరాయించేది. ఓబులేసు నన్ను నాలుగు తిట్టుకుని, ఒక పూట ఖాళీగా కూర్చునేవాడు.