రెండో షిఫ్టులో ఒక్కతే

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి, మే నెలలో, ద్వారకా నగర్‌లోని మా సర్వే సంస్థ నాకు అచ్యుతాపురం పని అప్పగించింది. అప్పటికి నా హోదా ఫీల్డ్ మేనేజరు, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. అక్కడొక రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళని భద్రత గురించి వాళ్ళ ఫోన్ల తెరమీదే ప్రశ్నలు అడిగి, యాజమాన్యానికి నివేదిక ఇవ్వాలి. పేర్లు అడగం. "మీరెవరో ఎవరికీ తెలియదు" అని మొదటి తెరమీదే పెట్టాం. ఆ వాక్యం రాసింది నేనే.

ఈ పనిలో రెండు పద్ధతులుంటాయి. జవాబుల జాబితాలో పైన ఏముంటే దాన్ని జనం చదవకుండా నొక్కేస్తారు. అందుకని ఒక్కొక్కరికీ ప్రశ్నల వరస, జవాబుల వరస మార్చి చూపించమని కంప్యూటరుకి చెబుతాం. పేకముక్కలు కలపడం లాంటిదే, అందులో ఏ దురుద్దేశమూ లేదు. రెండోది, మనిషిని బట్టి ప్రశ్నని మార్చడం. ముందు చెప్పిన జవాబుని తెచ్చి తర్వాతి ప్రశ్నలో అతికిస్తాం. "మీరు ప్యాకింగ్‌లో పనిచేస్తున్నారు కదా, అక్కడ..." అని అడిగితే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబిస్తుంది. ఇందులో నాకు మంచి పేరుండేది. ఆ పేరు చూసుకుని కాస్త మిడిసిపడేదాన్ని కూడా.

సర్వే ముగిసిన మర్నాడు పొద్దున పదింటికి ఫోనొచ్చింది. సందేహాలుంటే అడగమని చివరి తెరమీద ఒక ఫోన్ నంబరు ఇస్తాం, అది నా బల్లమీదే మోగుతుంది.

"అమ్మా, నాను నూకరత్నాన్ని. ఫ్యాట్రీలో పనమ్మా నాకు. బస్సులో అందరం ఫోన్లు పక్కపక్కన పెట్టి సూసుకున్నాం. ఏటమ్మా ఇది, ఒకొక్కరికి ఒకోలా అడిగినారు? పరీచ్చల్లో సెట్లు మార్సినట్టు! ఎవులు ఏటి సెప్పినారో పట్టేసుకోడానికి కాదేటి?"

నాకు నవ్వొచ్చింది. దాచడమెందుకు, విసుగూ వచ్చింది. వరస కలపడం గురించి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "మరి నా సెచ్చనూ షిఫ్టూ దాన్లో ఎలా రాసున్నాయమ్మా? నాను షవరు మాట రాసీసినాను. ఆళ్ళకి తెలిస్తే నన్ను పీకేత్తారు. సేపల ఏట నిషేదం, మా ఆయన పడవెక్కక నెల దాటింది. ఇంట్లో నాదొక్క జీతమే," అంది.

ధైర్యం చెబుదామని చివరి తెరమీద ఒక్కొక్కరికీ వచ్చే వరస నంబరు ఆవిణ్ణి అడిగి తీసుకుని, కంపెనీకి పంపే ఫైలు తెరిచాను. నియమం ప్రకారం సెక్షను, షిఫ్టు, సర్వీసు గళ్ళు మూడూ తీసేసి ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. తెరని కుడివైపుకి జరిపాను. ప్రతి జవాబు పక్కనా, ఆ మనిషికి తెరమీద కనిపించిన ప్రశ్న మొత్తం అచ్చయి ఉంది. "మీరు ల్యాబ్ వాషింగ్ సెక్షన్లో, రెండో షిఫ్టులో, ఆరేళ్ళుగా పనిచేస్తున్నారు కదా. అక్కడ మిమ్మల్ని భయపెట్టేది ఏమిటి?" దానికి ఆవిడ జవాబు: యాసిడ్ మీద పడితే ఒళ్ళు కడుక్కునే ఎమర్జెన్సీ షవరులో నీళ్ళు రావు, వారం వారం చూసినట్టు రిజిస్టర్లో సంతకం మాత్రం పెడతారు.

"రెండో షిఫ్టులో మీ సెక్షన్లో ఆడవాళ్ళు ఎంతమంది నూకరత్నం?" అని అడిగాను.

"నానొక్కదాన్నేనమ్మా."

భయానికి ఆవిడ మొదట చెప్పిన కారణం తప్పు. భయం మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నేను గొప్పగా అతికించిన ముక్కలే ఆవిణ్ణి పట్టిస్తున్నాయి.

ఆ ఫైలు అప్పటికే కంపెనీ వాళ్ళకీ మాకూ ఉమ్మడిగా ఉన్న ఫోల్డర్లో ఉంది. తొమ్మిదింటికి నేనే పెట్టాను. ఎవరు ఎప్పుడు తెరిచారో చూపించే పట్టీ తీసి చూశాను. దేవుడి దయ, ఎవరూ తెరవలేదు. తీసేశాను. తర్వాత వెళ్ళి డైరెక్టరుగారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే.

సాయంత్రం వాళ్ళ షిఫ్టు టీ వేళకి నేనే ఫోను చేశాను. కేంటీను వెనక నిలబడి గొంతు తగ్గించి మాట్లాడింది. ఎవరూ చూడలేదని, ఇక మీదట ప్రశ్న పక్కన కనబడదని, జవాబు ఒక్కటే ఉంటుందని చెప్పాను.

"నాది తీసీండమ్మా," అంది.

అది ఉంటే షవరు బాగుచేస్తారని నచ్చజెప్పబోయాను.

"షవరున్నది మా సెచ్చన్లోనే కదమ్మా. నీళ్ళు రావని ఇంకెవులు సెప్తారు? మీరు పేరు తీసీగల్రు, నన్ను అక్కణ్ణించి తీసీలేరు కదా. తీసీండి. మీకు దండం పెడతాను."

ఎప్పుడు కావాలన్నా జవాబు వెనక్కి తీసుకోవచ్చన్నది మా నియమం. తీసేశాను. షవరు గురించి రాసింది ఆవిడొక్కతే.

మనసొప్పక, నివేదిక చివర్లో ఒక మామూలు సలహా చేర్చాను: ఎమర్జెన్సీ షవర్లన్నీ ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. రెండు రోజులకి కంపెనీ హెచ్.ఆర్. అధికారి ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. డేటాలో షవరు మాట ఎక్కడా లేదు కదా మేడమ్, ఇది ఎవరు చెప్పారు అన్నాడు. ఎవరూ చెప్పలేదు, అన్నిచోట్లా రాసే మాటే అన్నాను. "షవర్ల దగ్గర పనిచేసేది కొద్దిమందే. మేం కనుక్కుంటాం లెండి," అన్నాడు. ఆ వాక్యం పొరపాటున పడిందని చెప్పి, ఆ సాయంత్రమే కొట్టేసి కొత్త ప్రతి పంపాను. అత్యవసర ఏర్పాట్లు అన్న శీర్షిక కింద "ఫిర్యాదులు లేవు" అని ఉంది. కింద సంతకం నాది.

ఈ పని నేర్చుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇది. ప్రశ్నల వరస ఎంతైనా కలపండి, కానీ ఎందుకు కలుపుతున్నారో మొదటి తెరమీదే చెప్పండి. మనిషిని బట్టి ప్రశ్న మార్చేముందు, అన్నిటికన్నా చిన్న సెక్షన్లో ఒంటరిగా ఉన్న మనిషి మీరేననుకుని సర్వే నింపండి. తర్వాత ఆ మనిషిని పట్టుకోవాలనుకునేవాడిలా ఫైలు చదవండి. పట్టుబడితే ఆ ప్రశ్న తీసేయండి. రిటైరయ్యేదాకా నేను అలాగే చేశాను.

నూకరత్నం మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఆ షవరులో నీళ్ళొస్తున్నాయో లేదో నాకు తెలియదు. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే, మీకెందుకు, ఎవరు చెప్పారు అంటారు. అందుకని ఇవాళ్టిదాకా అడగలేదు.