ఆపండత్తయ్య

మా మేనత్తకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఏది సాగుతున్నా మధ్యలో ఆపాలి. పెళ్లి ఫొటో తీయబోతున్నవాణ్ణి "ఆపండి!" అని గద్దించి, పెళ్లికొడుకు కాలరు సరిచేసి, "ఊఁ, కానీండి" అనేది. ఒకసారి కదిలిన బస్సుని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఎక్కడానికి కాదు, వెనక తలుపు సరిగా పడలేదని చెప్పడానికి. బడిలో పాటల టీచరుగా రిటైరయ్యాక ఊరంతా ఆవిడకు తరగతి గదైపోయింది. ఊరివాళ్లు ఆవిడ అసలు పేరు మరిచిపోయి ఆపండత్తయ్య అని పిలవడం మొదలుపెట్టారు.

ఆవిడ బృందగానంలో హార్మోనియం నాది, అంటే తిట్లు కూడా నావే. దర్జీ కొట్టు పైగదిలో అభ్యాసం. నర్సు, ఆటోడ్రైవరు, దర్జీ, ఇస్త్రీ దంపతులు, ఆసుపత్రి ఆయమ్మ, అందరూ పని ముగించుకుని వచ్చేవాళ్లు. పల్లవి దాటి అనుపల్లవి అందుకోగానే మొదలయ్యేది.

"ఆపండి! ఒరేయ్, అదేం శ్రుతిరా? ఎలుక పీక నొక్కినట్టు!"

"సరిగ్గానే పట్టానత్తయ్యా!"

"నీకు వినపడితే కదా! మళ్లీ మొదట్నించీ."

"బాధపడకు తమ్ముడూ, అలవాటైపోతుంది" అనేవాడు ఆటోడ్రైవరు, నవ్వు మింగుతూ.

ఆ పాటంతా విరాళాలు పోగేసి ఒక పైకప్పు వేయించడం కోసం. మా ఆసుపత్రిలో డాక్టర్ల కార్లకు షెడ్డుంది. తల్లిని లోపల చేర్పించి గేటు బయట పడిగాపులు కాసే కొడుక్కి మాత్రం వానొస్తే అట్టపెట్టే గొడుగు. ఇదేం న్యాయమని మొదట నోరు తెరిచింది ఆయమ్మే. అందుకే ప్రధాన గీతం ఎత్తుకునే హక్కు ఆవిడదేనని అత్తయ్య తీర్పు చెప్పింది. వార్డులు కడిగి కడిగి, ఆ మందుల ఘాటు పీల్చి పీల్చి ఆయమ్మ ఊపిరి సగమైపోయింది. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

కచేరీ పాత కోటలోని దర్బారు హాల్లో. కోట ట్రస్టు అధ్యక్షుడు హాలు ఊరికే ఇచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు. "ఆ ఆయా ఎక్కడ తడబడినా మిగతా పాట మా కోడలు అందుకుంటుంది. హాలు పరువు కూడా చూడాలి కదమ్మా!"

"ఈ రాళ్లు మోసినవాళ్లు కూడా ఆయాసపడుతూనే మోశారు లెండి" అంది అత్తయ్య. ఆయన నవ్వాడు. షరతు మాత్రం అలాగే ఉంచాడు.

ఆరోజు కోడలు పాట కాగితం పట్టుకుని ముందు వరసలోనే కూర్చుంది. ఆయమ్మ ఎత్తుకుంది. ఆ గొంతు ఎత్తయిన కమానులకు తగిలి ఇంకా పెద్దదై తిరిగొచ్చింది. పల్లవి దాటింది. అనుపల్లవిలో ఒక దీర్ఘం దగ్గర స్వరం దారప్పోగులా సన్నబడింది. కోడలు కుర్చీలోంచి సగం లేచింది.

"ఆపండి!"

హాలంతా ఉలిక్కిపడింది. అత్తయ్య నా మీదికి తిరిగింది. "ఒరేయ్! కచేరీ రోజు కూడానా? నేను చెప్పింది ఏ మెట్టు, నువ్వు నొక్కింది ఏ మెట్టు?"

నా వేళ్లు కదిలితే ఒట్టు. అదే చెప్పబోతూ పక్కకు చూశాను. అందరి కళ్లూ నామీదుంటే, ఆయమ్మ గుండెమీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటోంది. పైగదిలో తిన్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ప్రతిసారీ ఇక్కడే. ఈ దీర్ఘం దగ్గరే!

"తప్పెవరిదమ్మా?" అధ్యక్షుడు నిలదీశాడు.

"హార్మోనియందండీ!" అంది బృందమంతా ఒక్క గొంతుతో. అంత చక్కటి శ్రుతిలో వాళ్లు అంతకుముందెన్నడూ పలకలేదు.

"తప్పయిపోయిందత్తయ్యా" అన్నాను.

హాలు ఘొల్లుమంది. నా చదువు, నా క్రాపు, నా బద్ధకం, ఒక్కటీ వదలకుండా దులిపి, ఆయమ్మ తల ఊపాక గానీ "ఊఁ, కానీండి" అనలేదు అత్తయ్య. చరణంలో ఆ గొంతు మళ్లీ సన్నబడబోతుంటే, ఈసారి నేనే కావాలని ఒక దిక్కుమాలిన మెట్టు గట్టిగా నొక్కాను. "ఆపండి!" అన్న ఆవిడ కేకలో ఎంత ఆనందమో!

పాట ఆయమ్మే ముగించింది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది కోడలే. విరాళాల డబ్బా మూత పడలేదు. ఇప్పుడు ఆసుపత్రి గేటు పక్కన కప్పుంది, దాని కింద బల్లలున్నాయి.

"ఇది అందరికీ ముందే తెలుసా?" అనడిగాను అత్తయ్యని, ఆరోజు కచేరీ అయ్యాక హార్మోనియం సర్దుతూ.

"నీకు తప్ప. చెబితే నీ మొహంలో ఆ అమాయకత్వం ఉండేదా? అయినా మేనల్లుడివి, తిడితే పడతావు. ఆటో అబ్బాయిని తిడితే నన్ను ఇంటికెవరు దింపుతార్రా?"

కోట మెట్లు నిటారుగా ఉంటాయి. బృందం గలగలా దిగిపోతోంది. అత్తయ్య ఒక చేత్తో గోడ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, పళ్లు బిగించి నవ్వుతోంది. కాసేపు ఆగుదామని ఆవిడ చచ్చినా అడగదు.

"ఆపండి!" అని అరిచాను. అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. "హార్మోనియం మోయలేకపోతున్నాను. కాస్సేపు కూర్చుందాం."

"చేతకాని వెధవ! ఇంత వయసొచ్చి ఇదేం ఓపికరా?" అంటూ, అందరికంటే ముందు మెట్టు మీద హాయిగా చతికిలబడింది మా ఆపండత్తయ్య.